పాత గ్రాఫిక్స్ కార్డుల్లో ఏది గిట్టుబాటు?

అనంతపురంలో కంప్యూటర్ ఆటల కోసం పాత గ్రాఫిక్స్ కార్డు కొనదలచిన ఇంజనీరింగ్ విద్యార్థికి సాధారణంగా రెండు దారులుంటాయి. ఊళ్లోని కంప్యూటర్ రిపేరు షాపులో ఎవరో అమ్మకానికి పెట్టిపోయిన కార్డును బేరమాడి తీసుకోవడం ఒకటి. తెల్లవారుజామున బస్సెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి, నాలుగు అంగళ్లు తిరిగి, రాత్రికి ఇల్లు చేరడం రెండోది. కర్నూలు వారికి ఆ ఎస్పీ రోడ్డు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయితే, కడప వారికి చెన్నై రిచీ స్ట్రీట్. మూడు ఊళ్లకూ ఆ బజార్లు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నాయి. ఇంటికొచ్చాక కార్డు మొరాయిస్తే మళ్లీ వెళ్లి మార్చుకురావడానికి రానుపోను ఛార్జీలతోపాటు ఒక రోజంతా పోతుంది, అదీ అంగడివారు ఒప్పుకుంటేనే. అందుచేత పాత కార్డును పేరునుబట్టి, చెప్పిన ధరనుబట్టి తూచడం ఇక్కడ ఏమాత్రం చాలదు. దానికున్న మెమరీ ఎంత, ఇంట్లో ఉన్న సిపియు పెట్టె దాన్ని మోయగలదా, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్లు, ఇంకెన్నాళ్లు వస్తాయి అన్న మూడు లెక్కలూ కలిస్తేనే గిట్టుబాటు తేలుతుంది.

ఇప్పుడు బజారులో ఎక్కువగా కనిపించే పాత కార్డులు 2016 నుంచి 2019 మధ్య విడుదలైనవి. వాటిలో కొన్ని ఒకప్పుడు ఎథీరియం మైనింగ్‌లో, అంటే లెక్కలు కట్టి ఆ క్రిప్టో కరెన్సీని సంపాదించే పనిలో, తిరిగినవే. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకుని గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ అవసరమే లేకుండా చేసుకోవడంతో, అప్పటిదాకా షెడ్లలో రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చిపడ్డాయి. మైనింగ్ చేసిన కార్డు అనగానే పక్కన పెట్టేయడం తొందరపాటు అవుతుంది. ఒకే వేడి దగ్గర నిలకడగా తిరిగిన చిప్పు కంటే, రోజూ వేడెక్కి చల్లారుతూ వచ్చిన చిప్పుకే సోల్డరింగ్ మీద ఒత్తిడి ఎక్కువ. మైనింగ్‌లో నిజంగా అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి థర్మల్ పేస్టు, ప్యాడ్లు. వీటిని ఊళ్లోనే మార్పించుకోవచ్చు.

ఈ తరంలో అసలు పోటీ ఎన్విడియా జీటీఎక్స్ 1060కి, ఏఎండీ ఆర్‌ఎక్స్ 580కి మధ్య నడిచింది. 2016 జులైలో వచ్చిన 6 జీబీ జీటీఎక్స్ 1060లో 1280 కోర్లు (బొమ్మ లెక్కలు కట్టే చిన్న యూనిట్లు), 192 బిట్ల మెమరీ బస్సు (చిప్పుకు, మెమరీకి మధ్య దారి), సెకనుకు 192 జీబీల బ్యాండ్‌విడ్త్ (ఆ దారి మోయగల సరుకు) ఉన్నాయి. అది 120 వాట్లతో నడుస్తుంది. 2016 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 480ని కొంచెం వేగం పెంచి 2017 ఏప్రిల్‌లో ఆర్‌ఎక్స్ 580గా విడుదల చేశారు. దానిలో 2304 షేడర్లు (ఏఎండీ కోర్లకు ఇక్కడ వాడే పేరు), 256 బిట్ల బస్సు, సెకనుకు 256 జీబీల బ్యాండ్‌విడ్త్ ఉన్నాయి కానీ వాడకం 185 వాట్లకు చేరింది. షేడర్ల లెక్క చూసి రెండోది దాదాపు రెట్టింపు బలమైనదని అనుకోకూడదు. రెండు కంపెనీల కోర్లు ఒకే రకమైనవి కావు కాబట్టి ఆ అంకెలను ఒకే కంపెనీ కార్డుల మధ్య మాత్రమే పోల్చాలి. ఆటలో చూస్తే విడుదలైన నాటికి ఈ రెండూ ఇంచుమించు సమానంగానే ఉండేవి. ఆట కార్డుతో మాట్లాడే పద్ధతుల్లో పాతదైన డైరెక్ట్‌ఎక్స్ 11 వాడే ఆటల్లో 1060 కాస్త ముందుండగా, కొత్తవైన డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ వాడే ఆటలు పెరిగేకొద్దీ మొగ్గు 580 వైపు జరుగుతూ వచ్చింది. 8 జీబీల మెమరీ కూడా ఏళ్లు గడిచేకొద్దీ దానికే కలిసివచ్చింది.

కరెంటు తేడా కూడా లెక్కలోకి రావాలి, అయితే దాన్ని ఉన్నదానికంటే పెద్దది చేయనక్కర లేదు. 185కు, 120కి తేడా 65 వాట్లు. రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు అది ఆరు యూనిట్ల లోపే అవుతుంది. బిల్లులో ఇది పెద్దగా కనిపించదు. ఆ 65 వాట్ల ప్రభావమంతా కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీద, గది వేడి మీద పడుతుంది.

మెమరీ విషయంలో మాత్రం ఉపేక్ష పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డు మెమరీ నిండేంతవరకు ఆట మామూలుగానే నడుస్తుంది. నిండిన మరుక్షణం టెక్స్చర్లను (ఆటలోని వస్తువుల పైపూత బొమ్మలను) కంప్యూటర్ ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది, ఆ దారి కార్డు సొంత మెమరీ కంటే ఎన్నో రెట్లు నిదానం. దానివల్ల సెకనుకు వచ్చే ఫ్రేముల (బొమ్మల) సగటు సంఖ్య బాగానే కనిపిస్తూనే మధ్యమధ్యలో బొమ్మ పట్టేసినట్టు ఆగుతుంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారు కావాలి, నిమిషంలో వచ్చే 3,600 ఫ్రేముల్లో నాలుగైదు 80 మిల్లీసెకన్లు తీసుకున్నా సగటు పెద్దగా తగ్గదు, కానీ మలుపు తిరిగేటప్పుడు, ఎదుటివాడు తలుపు తీసుకుని వచ్చేటప్పుడు ఆ ఆగడం ఆడేవారికి స్పష్టంగా తెలుస్తుంది. అందుకే కార్డు పనితనాన్ని సగటు ఎఫ్‌పీఎస్‌తో, అంటే సెకనుకు వచ్చే ఫ్రేముల సగటుతో, తేల్చడం తప్పు, అతి తక్కువకు పడిపోయిన ఒక శాతం ఫ్రేముల లెక్కను దాని పక్కన పెట్టి చూడాలి.

ఈ కోణంలో చూస్తే 3 జీబీ జీటీఎక్స్ 1060 కొనేవారిని తప్పుదారి పట్టించే కార్డు. అది మెమరీ తగ్గించిన 1060 మాత్రమే కాదు, దానిలో కోర్లు కూడా 1152 మాత్రమే, అంటే అసలుదానికంటే పది శాతం తక్కువ. రెండు వేర్వేరు కార్డులకు ఒకే పేరు పెట్టడం వల్ల బేరంలో "1060" అన్న మాట ఒక్కటే వినపడుతుంది, జీబీల సంగతి ఇంటికొచ్చాక తెలుస్తుంది. 2014 సెప్టెంబర్‌లో వచ్చిన జీటీఎక్స్ 970కీ ఇలాంటి కథే ఉంది. దానిమీద 4 జీబీ అని రాసి ఉన్నా చివరి అర జీబీ మిగతా మూడున్నర కంటే చాలా నిదానంగా పనిచేస్తుంది. అమెరికాలో ఈ విషయం కోర్టు దాకా వెళ్లి, 2016లో కొనుగోలుదారులకు ఒక్కో కార్డుకు 30 డాలర్లు ఇచ్చేందుకు ఎన్విడియా రాజీకి వచ్చింది. నేటి ఆటలకు 4 జీబీ కనీసమే, 6 పరవాలేదు, 8 నిశ్చింత. 4 జీబీకి తక్కువ మెమరీ ఉన్నదాన్ని ఎంత చౌకగా ఇస్తామన్నా గేమింగ్ కోసమైతే వదులుకోవడమే మేలు.

పేరు చేసే మోసం ఏఎండీ వైపు కూడా ఉంది. 2018 చివర్లో చైనా మార్కెట్ కోసం "ఆర్‌ఎక్స్ 580 2048ఎస్పీ" అనే కార్డు వచ్చింది. పేరులో 580 అని ఉన్నా దాని లోపల ఉన్నది 2048 షేడర్ల ఆర్‌ఎక్స్ 570 చిప్పే. ఇలాంటివి మన దేశంలోకి కూడా వచ్చాయి, కొత్త పెట్టెల్లో, తెలియని బ్రాండ్ల పేర్లతో ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. 570 మంచి కార్డే, 570 ధరకు వస్తే దాన్ని కొనడంలో తప్పులేదు. 580 ధర చెల్లించి 570 తెచ్చుకోవడమే నష్టం. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి షేడర్స్ అన్న గడిలో 2304 ఉందో 2048 ఉందో చూడడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం అంగట్లోనే వెచ్చించాలి.

కార్డును విడిగా తూచి, పెట్టెను మరచిపోవడం వల్ల జరిగే తప్పు వీటన్నిటికంటే పెద్దది. రాయలసీమ పట్టణాల్లో విద్యార్థుల గదుల్లో కనిపించే కంప్యూటర్లలో చాలావరకు ఆఫీసులు వాడి వదిలేసిన రీఫర్బిష్డ్ సిపియులే, వాటిలో మూడో తరం, నాలుగో తరం ఐ5 ప్రాసెసర్లుంటాయి. చాలా వాటిలో కంపెనీవారు పెట్టిన ఎస్‌ఎంపీఎస్ 240 నుంచి 300 వాట్ల మధ్యే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు కావాల్సిన సిక్స్-పిన్, ఎయిట్-పిన్ వైర్లు దానికి ఉండవు. బయట అసెంబుల్ చేయించిన వాటిలో స్టిక్కరు మీద 450 వాట్లు అని ఉన్నా, 12 వోల్టుల లైను మీద ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చదివితే అసలు సత్తా తెలుస్తుంది. ఆ లైనుకు 16 ఆంపియర్లే రాసి ఉంటే అది 192 వాట్లు మాత్రమే. ప్రాసెసర్, కార్డు రెండూ ప్రధానంగా తినేది ఆ 12 వోల్టుల లైను నుంచే. దాని మీద 185 వాట్ల ఆర్‌ఎక్స్ 580ని వేలాడదీస్తే ఆట మొదలైన పది నిమిషాలకు కంప్యూటర్ చప్పున ఆరిపోతుంది, లేదా ఎస్‌ఎంపీఎస్ కాలి తనతోపాటు మదర్‌బోర్డును కూడా తీసుకుపోతుంది. మోలెక్స్ (పాత రకం పవర్ సాకెట్) నుంచి సిక్స్-పిన్‌కు మార్చే చిన్న వైరు చౌకగా దొరుకుతుంది, కానీ ఎస్‌ఎంపీఎస్‌లో లేని శక్తిని ఆ వైరు సృష్టించలేదు.

ఈ కారణంగానే 75 వాట్ల కార్డులకు వాటి బలానికి మించిన విలువ ఉంది. 2016 అక్టోబర్‌లో వచ్చిన జీటీఎక్స్ 1050 టిఐ, 2019 ఏప్రిల్‌లో వచ్చిన జీటీఎక్స్ 1650 మామూలు రూపంలో మదర్‌బోర్డు స్లాట్ నుంచే కావాల్సిన కరెంటు తీసుకుంటాయి, విడిగా వైరు అక్కర్లేదు. సన్నని సిపియులలో పట్టే లో-ప్రొఫైల్ రకాలు కూడా వీటిలో వచ్చాయి. 1050 టిఐలో 768 కోర్లు, సెకనుకు 112 జీబీల బ్యాండ్‌విడ్త్ ఉండగా 1650లో 896 కోర్లు, 128 జీబీల బ్యాండ్‌విడ్త్ ఉన్నాయి. రెండింటిలోనూ 4 జీబీల మెమరీయే. ఒట్టి వేగం చూస్తే ఆర్‌ఎక్స్ 570 ఈ రెండింటినీ దాటిపోతుంది, 1650 విడుదలైన నాడే ఈ మాట తేలిపోయింది. అయినా లెక్క అక్కడితో ముగియదు.

ఉదాహరణకు పాత ఆర్‌ఎక్స్ 570 ధర 6,000 రూపాయలు, పాత జీటీఎక్స్ 1650 ధర 8,000 రూపాయలు అనుకుందాం. ఒక ఆటలో 1650 సెకనుకు 100 ఫ్రేములిస్తే 570 సుమారు 112 ఇస్తుందనుకుందాం. అప్పుడు 1650కి ఫ్రేముకు 80 రూపాయలు పడితే, 570కి 54 రూపాయల లోపే పడుతుంది, రెండో మాట లేకుండా 570 నెగ్గినట్టే. అయితే 570 నడవాలంటే రీఫర్బిష్డ్ పెట్టెకు 3,500 రూపాయల ఎస్‌ఎంపీఎస్ కొత్తగా వేయించాలి. మొత్తం 9,500 అవుతుంది, ఫ్రేముకు 85 రూపాయల దాకా పడుతుంది. పైగా కొన్ని కంపెనీల ఆఫీసు సిపియులలో మదర్‌బోర్డు పవర్ సాకెట్టే వేరుగా ఉంటుంది కాబట్టి మామూలు ఎస్‌ఎంపీఎస్ అతకదు. ఇదివరకే మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నవారికి 570, లేనివారికి 1650 అన్న తేడా ఇలా పుడుతుంది. ఒకే కార్డు పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరు విద్యార్థులకు ఒకే విలువ చేయదు.

2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టి కొత్తదన్న పేరుతో ఆకర్షిస్తుంది కానీ పాత పెట్టెలకు అది తగదు. అది కార్డును బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో నాలుగు లేన్లనే (దారులనే) వాడుకుంటుంది. నాలుగో తరం స్లాట్‌లో ఆ నాలుగు లేన్లు సెకనుకు దాదాపు 8 జీబీలు మోస్తే పాత పెట్టెల్లో ఉండే మూడో తరం స్లాట్‌లో సగమే మోస్తాయి. ఉన్నది 4 జీబీల మెమరీ కావడంతో అది నిండినప్పుడల్లా ఆ ఇరుకు దారిలోంచే సరుకు రావాలి. ఆటను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునేవారికి కావాల్సిన వీడియో ఎన్‌కోడర్ కూడా దానిలో లేదు.

డ్రైవర్ల విషయం 2025 దాకా చాలామందికి పట్టలేదు, ఇప్పుడు అదే నిర్ణయాత్మకమైంది. ఎన్విడియా 2025 అక్టోబర్‌తో మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరాల కార్డులకు, అంటే 750 టిఐ నుంచి 900 వరుస, 1000 వరుస వరకు, కొత్త ఆటలకు తగ్గట్టు వచ్చే గేమ్ రెడీ డ్రైవర్లను ఆపివేసింది. 2028 అక్టోబర్ వరకు మూడు నెలలకొకసారి భద్రతా సవరణలు మాత్రం వస్తాయి. ఏఎండీ కూడా 2023లోనే పోలారిస్ కార్డులను, అంటే 470, 480, 570, 580లను, ప్రధాన డ్రైవర్ల నుంచి వేరుచేసి పరిమిత నిర్వహణ శాఖలో పెట్టింది. దీని అర్థం ఈ కార్డులు రేపటి నుంచి పనిచేయవని కాదు. జీటీఏ 5, కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ వంటి ఆటలు ఇప్పటిలాగే నడుస్తాయి. కొత్తగా వచ్చే ఆటలో ఏదైనా లోపం కనిపిస్తే, ఈ కార్డుల కోసం దాన్ని ప్రత్యేకంగా సరిచేసే బాధ్యత ఎవరికీ ఉండదు, అంతే. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ వంటివి రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీయడం) హార్డ్‌వేర్ ఉన్న కార్డులనే అడుగుతాయి కాబట్టి వాటి కోసం ఈ తరం కార్డు కొనడం వృథా.

డ్రైవర్లు ఆగిన ఈ గీతకు అవతల ఉన్నవి జీటీఎక్స్ 16 వరుస కార్డులు. ట్యూరింగ్ తరానికి చెందినవి కావడంతో వాటికి ఎన్విడియా డ్రైవర్లు కొనసాగుతున్నాయి. 2019 అక్టోబర్‌లో వచ్చిన జీటీఎక్స్ 1660 సూపర్‌లో 1408 కోర్లు, 6 జీబీల జీడీడీఆర్6 మెమరీ ఉన్నాయి. బస్సు 1060లో లాగే 192 బిట్లే అయినా బ్యాండ్‌విడ్త్ సెకనుకు 336 జీబీలకు చేరింది, వాడకం 125 వాట్ల దగ్గరే నిలిచింది. 2016లో ఎంతో ఖరీదు పలికిన జీటీఎక్స్ 1070కి దీటుగా నిలిచే పనితనం 1060 తినేంత కరెంటుతోనే వస్తోందన్నమాట. ఈ వ్యాసంలో చెప్పిన కార్డులన్నిటిలో, ధర ఒకటి రెండు వేలు ఎక్కువైనా సరే, ముందుగా వెతకవలసింది ఇదే.

ఇక ఎండ సంగతి. కార్డుల పరీక్షలు సాధారణంగా ఏసీ గదుల్లో, 22, 25 డిగ్రీల దగ్గర జరుగుతాయి. హీట్‌సింక్ చేయగలిగింది గది గాలితో చిప్పును చల్లబరచడమే, అందుచేత గది ఎంత వేడెక్కితే చిప్పు కూడా సుమారు అంతే పైకి వెళ్తుంది. 25 డిగ్రీల గదిలో 70 చూపిన కార్డు, ఏప్రిల్ మధ్యాహ్నం మిద్దె మీది గదిలో 40 డిగ్రీలుంటే 85 దగ్గరకు చేరుతుంది. పాస్కల్ కార్డులు 83 డిగ్రీలను హద్దుగా పెట్టుకుని, దాన్ని తాకగానే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. కర్నూలు వేసవిలో ఏసీ లేని గదిలో ఆడేవారికి 185 వాట్ల కార్డు కాగితం మీద చూపే ఆధిక్యంలో కొంత ఈ విధంగా ఆవిరైపోతుంది. ఆర్‌ఎక్స్ 580 ఉన్నవారు ఏఎండీ ఇచ్చే రేడియాన్ సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గించి చూస్తే, వేగం దాదాపు అలాగే ఉంటూ వాట్లు, వేడి గణనీయంగా దిగుతాయి.

దుమ్ము ఇంకో శత్రువు. ఆషాఢ గాలులు మొదలయ్యాక అనంతపురంలో కిటికీ తెరిచిన గదిలో బల్ల మీద వేలితో పేరు రాయగలిగినంత మట్టి ఒక్క పూటలో పేరుకుంటుంది. ఆ మట్టే ఫ్యాన్ లాగే గాలితోపాటు హీట్‌సింక్ రెక్కల మధ్యకు చేరి, కొన్ని నెలలకు బురద ఎండినట్టు అట్టకడుతుంది. పైనుంచి చూస్తే కార్డు శుభ్రంగానే ఉంటుంది. ఫ్యాన్ ముసుగు నాలుగు స్క్రూలు విప్పి తీస్తే, రెక్కలకూ ఫ్యానుకూ మధ్య నూలుగుడ్డలాంటి దుమ్ముపొర ముక్కగా ఊడి చేతికి వస్తుంది. పాత కార్డు కొనగానే చేయవలసిన మొదటి పని దీన్ని తీయించి, థర్మల్ పేస్టు మార్పించడం. అమ్మేవారు ఇంతకుముందే విప్పి ఉంటే చిప్పు వెనక ఉన్న నాలుగు స్క్రూల తలల మీద గీతలు కనిపిస్తాయి. అది ఎప్పుడూ దోషమే కాదు, కానీ ఎందుకు విప్పారని అడగడానికి తగిన కారణం.

అంగట్లో కార్డును బిగించి చూపించమని అడగడానికి మొహమాటపడకూడదు. ముందుగా ఫ్యాన్లను వేలితో తిప్పితే మెత్తగా తిరగాలి, గరగరమన్నా పక్కకు ఊగినా బేరింగ్ అరిగినట్టే. తర్వాత జీపీయూ-జెడ్‌లో పేరు, షేడర్లు, మెమరీ, బస్సు వెడల్పు చూడాలి. పాత ఫెర్మీ తరం కార్డుల బయోస్ (కార్డు తన పేరు చెప్పుకునే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టిఐ పేరుతో అమ్మే నకిలీలు బజారులో ఉన్నాయి. ఇలాంటివాటిని 2018 నుంచి జీపీయూ-జెడ్ పసిగట్టి, పేరు ముందు ఫేక్ అని చూపిస్తోంది. ఆ తర్వాత కార్డుకు పూర్తి పని పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ అనే ప్రోగ్రామ్‌ను పదిహేను నిమిషాలు నడిపించి, వేడి ఎక్కడ నిలబడుతోందో, తెరమీద రంగు చుక్కలు, గీతలు వస్తున్నాయో గమనించాలి. మెమరీ పాడైన కార్డు మొదటి రెండు నిమిషాలు బాగానే ఉండి, వేడెక్కాక బయటపడడం సాధారణం. అందుకే ఐదు నిమిషాలకే ఆపేసి "బాగుంది కదా" అంటే ఒప్పుకోకూడదు.

కొనేముందు ఇంటి దగ్గర చూసుకోవలసిన చిన్న విషయం మానిటర్ వెనక ఉంటుంది. రీఫర్బిష్డ్ సిపియుతో వచ్చిన పాత మానిటర్లలో చాలా వాటికి నీలి రంగు వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంటుంది. పాస్కల్, పోలారిస్ తరాల నుంచి కార్డులు సొంతంగా వీజీఏ సంకేతం ఇవ్వవు, వాటికి సర్క్యూట్ ఉన్న హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ విడిగా కొనాలి, ఒట్టి పిన్నులు మార్చే అడాప్టర్ పనిచేయదు. 1050 టిఐ అని చెప్పిన కార్డుకు వెనకవైపు వీజీఏ సాకెట్ కనిపిస్తే, సంతోషించే ముందు ఆ కార్డును ఇంకోసారి జీపీయూ-జెడ్‌లో పరీక్షించమనాలి.